టిష్యూ డబ్బా అటువైపే ఉండాలి

చర్చి వెనక గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక టిష్యూ డబ్బా. ఆ డబ్బా వచ్చినవాళ్ల వైపే ఉండాలన్నది సలహాల మాస్టారి మొదటి నియమం. ఏడవడం వాళ్ల పని, వినడం తన పని. కిటికీలోంచి జారే వెలుగు కూడా ఆ నియమం తెలిసినట్టు అటువైపు కుర్చీ మీదే వాలేది.

బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాక, నాలుగు వారాలు శిక్షణ తీసుకుని, సంఘంలో బాధలు వినే పనికి కుదిరాడు. లెక్కల అలవాటు పోలేదు. బాధకో రంగు కాగితం అచ్చు వేయించాడు. కోపానికి పచ్చది, దిగులుకు నీలం, మొగుడూ పెళ్లాల గొడవకు గులాబీ. ఒక బైబిలు వాక్యం, దాని కింద మూడు సూచనలు. మేలు జరగలేదని కాదు. ఒక దర్జీ పచ్చకాగితం చదివి తమ్ముడితో మాట్లాడాడు. కాగితం వెనక కొలతలు రాసుకున్నాడు కూడా.

మూడు నెలల కిందట మాస్టారి తల్లి పోయింది. సమాధి దగ్గర తనను ఓదార్చడానికి వరసగా వచ్చినవాళ్లందరి చేతిలో ఆయన నీలం కాగితం పెట్టాడు. గొయ్యి తవ్వినవాడికి రెండిచ్చాడు. ఆ నిబ్బరాన్ని పాస్టరుగారు ప్రసంగంలో మెచ్చుకున్నారు. ఆ రోజు నుంచి మాస్టారు ఇంట్లో నోరు విప్పలేదు.

భార్య గిన్నెలతో మాట్లాడి చూసింది. అవైనా కాస్త చప్పుడు చేసేవి. చివరికి అక్క ఇంటికి వెళ్లిపోదామని సంచి సర్దుకుని, చర్చి గుమ్మం దగ్గర, సలహాకొచ్చేవాళ్ల పట్టికలో బుధవారం నాలుగో గడిలో టిక్కు పెట్టింది. పేర్లు రాయకూడదన్నది మాస్టారి రెండో నియమం.

బుధవారం ఆమె వచ్చి కూర్చునేసరికి మాస్టారు కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. తలెత్తకుండానే, "చెప్పండమ్మా, తొందరేం లేదు" అన్నాడు.

"మా ఆయన మూడు నెలలుగా నాతో మాట్లాడట్లేదండీ."

గొంతు గుర్తుపట్టాడు. "ఇక్కడికెందుకొచ్చావు? బయట జనం ఉన్నారు."

"నేనూ జనమే. నాలుగో నంబరు."

ఆయన చెయ్యి గులాబీ కాగితం వైపు పాకింది.

"అది వద్దు. ఇంట్లో వాటి మీదే కూరగాయలు తరుగుతున్నా. సాయంత్రం బస్సుంది. ఒక్కటి చెప్పండి, ఉండిపోతాను. అత్తయ్య ఆఖర్న మీకోసం అడుగుతుంటే మీరెక్కడున్నారు?"

వెలుగు బల్ల మీద జానెడు జరిగింది.

"ఇక్కడే" అన్నాడు. "గోడ గొడవతో వచ్చినాయనకి పచ్చదివ్వాలా, నీలమివ్వాలా అని ఆలోచిస్తున్నా. ఫోన్ మోగింది. వినేటప్పుడు ఎత్తకూడదు కదా. బోర్లా పెట్టేశాను."

ఆమె డబ్బాను ఆయన వైపు జరిపింది. చాలాసేపు అందులోంచి టిష్యూలు లాగుతున్న చప్పుడే వినిపించింది.

ఐదో నంబరు తలుపు తట్టాడు. ఆమె తలుపు ఓరగా తీసి, లోపలున్నాయన చాలా బాధలో ఉన్నాడనీ, ఇంకో గంట పడుతుందనీ చెప్పింది. అతను విసుక్కున్నాడు. అతని చేతిలో ఒక పచ్చకాగితం పెట్టి, తలుపు మూసి, మళ్లీ తెరుచుకోకుండా సంచి అడ్డం పెట్టింది.