ఎండని చేపకు నీతి

రేపల్లెలో నేను తెలుగు చెప్పే బడికి, తల్లిదండ్రుల సమావేశం రోజున తెనాలి నుంచి ఒక వ్యక్తిత్వ వికాస నిపుణుడిని పిలిపించారు. కథల్లో జీవితపాఠాలు వెతికిపెట్టడం ఆయన వృత్తి. రాజుగారి ఏడుగురు కొడుకులు తెచ్చిన ఏడు చేపల్లో ఒకటి ఎండకపోవడం గురించి గంటసేపు చెప్పాడు. చేప గడ్డిమోపును తప్పుపట్టిందట, మోపు ఆవును తప్పుపట్టిందట. కాబట్టి మనం ఎవరిమీదా నెపం నెట్టకుండా ఉంటే గొప్పవాళ్లమైపోతామట. మూడేళ్ల పిల్లకు అన్నం తినిపిస్తూ చెప్పే కథను అంత గంభీరంగా పిండుతుంటే నాకు ఒళ్లు మండింది.

"ఇంతకీ ఆ చేప ఎందుకు ఎండలేదు?" అని ఆయన సభను అడిగాడు.

అడవులదీవి నుంచి వచ్చిన ఒక తల్లి లేచింది. ఆమె చేపలు ఎండబెట్టి అమ్ముతుంది.

"ఉప్పు పట్టించాలండి, మధ్యలో తిరగేయాలండి. ఊరికే పడేస్తే ఏం ఎండుద్ది?"

అందరూ నవ్వారు. ఆయన చంటిపిల్లకు చెప్పినట్టు, "అమ్మా, మనం మాట్లాడేది చేపల గురించి కాదు, జీవితం గురించి" అన్నాడు.

"మాకు రెండూ ఒకటేనండి" అని ఆమె కూర్చుంది.

ఆయన ఆ మాట చెవిన పెట్టకుండా తర్వాతి నీతికి వెళ్లిపోయాడు. ఆయన్ని తిట్టుకోవడం తేలికే. కానీ ఇన్నేళ్లుగా ప్రతి కథ కిందా 'నీతి' అని రాయించి, ఆ ఒక్క వాక్యాన్నే పిల్లలచేత బట్టీ పట్టించింది నేనే. ఆమెలా జవాబు రాస్తే మార్కులు కోసేదాన్ని కూడా. సభ ముగిశాక సిగ్గుపడుతూనే ఆమె పక్కన కూర్చుని, చేపను ఎలా ఎండబెడతారో మొదటినుంచీ చెప్పించుకున్నాను.