చల్లారని పైపు మీద కొలత

నస్పూర్ దగ్గరి ఆ కరెంటు ప్లాంటులో దశరథం గురించి ఎవరినడిగినా ముందు అతని అరచేయి సంగతే చెబుతారు. ఏడాదికోసారి యూనిట్ ఆపి ఓవర్‌హాలింగ్ చేసేటప్పుడు, బాయిలర్ నుంచి టర్బైనుకు ఆవిరి మోసే పెద్ద పైపును కొలిచేది అతనే. కొలిచే ముందు గ్లవుజు తీసేసి, వట్టి అరచేయి పైపుకు ఆనించి, అరవై దాకా లెక్కపెడతాడు. ఈలోగా చేయి వెనక్కి లాక్కోవాలనిపిస్తే ఆ రోజుకు కొలత లేదు. ఎంత పెద్ద ఇంజనీరు వచ్చి తొందరపెట్టినా వినడు. ఇరవై మూడేళ్లుగా ఇదే వరస.

ఎందుకంత చాదస్తం అంటారా? ఉక్కంటే మొండిది, దానికేమవుతుందిలే అనుకుంటాం మనం. ఐదువందల నలభై డిగ్రీల వేడిలో, లోపలినుంచి ఆవిరి ఏళ్ల తరబడి తోస్తూ ఉంటే, ఆ మొండి ఉక్కు కూడా కంటికి కనిపించకుండా ఉబ్బుతూ పోతుంది. దీన్నే క్రీప్ అంటారు. చల్లార్చినా, బతిమాలినా ఆ ఉబ్బు వెనక్కి పోదు. పైపుకు అటూ ఇటూ వెల్డింగ్ చేసిన చిన్న బొడిపెలుంటాయి. వాటి మధ్య దూరం ఏటా ఎంత పెరిగిందో మైక్రోమీటరుతో చూసి రిజిస్టరులో రాయాలి. మిల్లీమీటరును నూరు ముక్కలు చేస్తే అందులో నాలుగు ముక్కలు పెరగడం మామూలే. ఒక్కసారిగా జోరందుకుందా, పైపు పగిలే రోజు దగ్గరపడినట్టు. అయితే వేడిగా ఉన్న ఏ ఇనుమైనా ఉబ్బే ఉంటుంది, అది చల్లారితే తగ్గిపోతుంది. తగ్గిపోయే ఉబ్బేదో, మిగిలిపోయే ఉబ్బేదో తెలియాలంటే చల్లారేదాకా ఆగక తప్పదు.

ఆగడం దశరథానికి ఇంట్లోనూ అలవాటే. భార్య వినోద కువైట్‌లో ఒక ఇంట్లో వంట చేస్తుంది. కూతురు కావ్య చదువు ఖర్చుల కోసమని పన్నెండేళ్ల కిందట పోయింది. చదువు అయింది, పెళ్లి అయింది, కావ్య చొప్పదండిలో కాపురం చేసుకుంటోంది. వినోద మాత్రం ఇంకా అక్కడే ఉంది. రెండేళ్లకోసారి వచ్చి నలభై రోజులు ఉంటుంది. మిగతా కాలమంతా దశరథం షిఫ్టు దిగి క్వార్టరుకొచ్చి, ఒక్క గ్లాసు బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి, టీవీ వేసుకుంటాడు. చూడ్డానికి కాదు, ఇంట్లో మనిషి గొంతు వినబడాలని. ఈ మాట ఎవరితోనైనా చెప్పుకోవాలంటే సిగ్గు. చెప్పుకునే మనిషీ లేదు.

ఈసారి ఫోన్లో వినోద, "వీసా అయిపోతుంది. మళ్ల చేయించుకునుడా వద్దా వచ్చినంక ఆలోచిస్త," అన్నది. ఆ ఒక్క మాటకే మనిషి కాళ్లు నెల రోజులు నేల మీద నిలవలేదు. కొత్త దుప్పట్లు కొన్నాడు, వంటింటికి రంగు వేయించాడు. ఉండిపొమ్మని మాత్రం నోరు తెరిచి అడగలేదు. మహానుభావుడు! అడక్కుండానే ఆమే తెలుసుకోవాలట!

మంగళవారం యూనిట్ ఆపారు. గురువారం మధ్యాహ్నానికి వినోద హైదరాబాదు నుంచి బస్సులో మంచిర్యాలకు వస్తుంది. గురువారం పొద్దున్నే దశరథం పైకెక్కి, వేడి పోకుండా చుట్టిన దూది విప్పిన చోట పైపు మీద అరచేయి పెట్టాడు. మూడు లెక్కపెట్టేలోపు చుర్రుమంది. పద్ధతి ప్రకారమైతే శనివారం దాకా ఆగాలి. ఇవాళే ముగిస్తే మూడు రోజులు సెలవు దొరుకుతుంది. ఎన్నడూ లేనిది, గ్లవుజు తొడుక్కుని కొలిచాడు.

నాలుగు ముక్కలు రావాల్సిన చోట నలభై ఏడు వచ్చింది. అతనికి తెలియదా, అది వేడి ఉబ్బని? తెలుసు. తర్వాత సరిచేసుకోవచ్చులే అనుకుని రాసేసి సంతకం పెట్టాడు. రిజిస్టరు అందుకున్న ఇంజనీరు మమతారాణికి పని నేర్పింది అతనే. ఆ పిల్ల అంకె చూసి కళ్లు పెద్దవి చేసింది.

"చెయ్యి పెట్టి చూసిన్రా సార్?"

"చూసిన మేడం," అని దిగిపోయాడు.

చేయి పెట్టిన మాట అబద్ధం కాదు. అందుకే మరీ సిగ్గుచేటు.

ఆ రోజు క్వార్టరు కళకళలాడింది. వినోద ఖర్జూరాలు విప్పింది, కోడికూర వండింది, కువైట్ ఇంటి ముసలమ్మ తనను ఎలా పిలుస్తుందో చేసి చూపిస్తూ పడీ పడీ నవ్వింది. ఇంకెక్కడికి పోతుందిలే, ఉంటుంది అని దశరథం మనసులో రాసేసుకున్నాడు.

శుక్రవారం పన్నెండింటికి మమతారాణి ఫోన్ చేసింది. పైపు ప్రమాదంలో ఉందని పైవాళ్లు తేల్చారట. పరీక్షకు ముక్క కోయడానికి రేపు హైదరాబాదు నుంచి మనుషులు వస్తున్నారట. దశరథం ఆగలేకపోయినందుకు నిక్షేపంలాంటి పైపును కోసేస్తారు! అన్నం కంచం ముందు నుంచి లేచి ప్లాంటుకు పరుగెత్తాడు.

"తప్పు నాదే మేడం. పైపు కాలుతుండె. గ్లవుజు ఏసుకొని కొలిచిన."

మమతారాణి తిట్టలేదు. తిడితే బాగుండేది. "మీరే నేర్పిన్రు గద సార్ నాకు," అని మాత్రం అంది. అతనికి తల కొట్టేసినట్టయింది.

ఇక పైపు చల్లారేదాకా అక్కడినుంచి కదలనన్నాడు. ఆ రాత్రి ఇంటికి పోలేదు. శనివారం మూడింటికి అరచేయి పెడితే చల్లగా తగిలింది. అరవై లెక్కపెట్టాడు. కొలిస్తే నాలుగు ముక్కలు, ఏటా వచ్చినట్టే. పాత అంకె కొట్టేసి, పక్కనే కారణం తన చేత్తోనే రాశాడు. ముక్క కోయడానికి వచ్చినవాళ్లు వెనక్కి పోయారు.

ఇంటికొచ్చేసరికి వినోద బట్టలు మడతపెడుతోంది. టీవీ మోగుతోంది. దాని వైపు ఆమె చూడటం లేదు.

"నువ్వు టీవీ ఎందుకు పెట్టుకుంటవో ఇయ్యాల సమజైంది," అంది.

అతను గుమ్మంలోనే నిలబడ్డాడు. "ఉండిపో వినోదా. ఒక్కన్ని ఉండలేకపోతున్న."

ఆమె చేతిలో చీర అలాగే ఉండిపోయింది. కళ్లు నిండాయి. "పన్నెండేండ్లల్ల గీ మాట ఎన్నడన్న అన్నవా? కావ్య పెండ్లినాడు అడుగుతవని రోజంత సూసిన. అప్పుడడిగితె ఉంటుంటి. వచ్చిన రెండు దినాలు మంచిగనె ఉంటది. అటెన్క నీకు నేను కొత్త, నాకు నువ్వు కొత్త. నలబై దినాలు సుట్టంలెక్క ఉండి పోతున్న. ఆడ పొద్దున లేస్తె ఐదుగురు పిలుస్తరు నన్ను."

దశరథం రెండేళ్లకోసారి ఆమె వచ్చిన రోజునే, ఆ నవ్వులూ కోడికూరల మధ్యనే, అంతా బాగుందని రాసుకుంటూ వచ్చాడు. ఆ సందడి తగ్గాక ఆమె ఎంత దూరం జరిగిందో ఒక్కసారైనా ఆగి చూసుకోలేదు.

వీసా మళ్లీ వచ్చింది. నలభయ్యో రోజున మంచిర్యాల బస్టాండులో బస్సు కదిలేముందు వినోద కిటికీలోంచి చేయి చాపింది. దశరథం పట్టుకున్నాడు. ఆమె లాక్కోలేదు. డ్రైవరు హారన్ కొడుతున్నా ఇద్దరూ వదల్లేదు. ముందు వదిలింది అతనే.

ఇంటికొచ్చి ఒక్క గ్లాసు బియ్యం కడిగాడు. టీవీ రిమోటు చేతిలోకి తీసుకుని, మళ్లీ పక్కన పెట్టేసి, పొయ్యి ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు.