పాట కింద పాట

రాజమండ్రి రాక్ బ్యాండ్లలో బేస్ గిటార్ పట్టినవాళ్లంతా శ్యాంబాబును చూసి నేర్చుకున్నవాళ్లే. పగలు మోటార్లకు వైండింగ్ చుట్టే వేళ్లతోనే సాయంత్రం వాయిస్తాడు. ఒక్క స్వరం మీద తాళం కొట్టి ఊరుకోడు. తన బ్యాండు గాయని మెర్సీ ఊపిరి తీసుకునే చోట చిన్న వరస అల్లి, ఆమెను చరణంలోకి దింపుతాడు. మొన్న రిహార్సల్‌లో కీబోర్డు వాయించే సురేష్‌బాబు, "ఆ అల్లికలు వద్దండి బాబాయ్, ఒక్కో నోటు కొట్టండి చాలు. వచ్చే నెల నుంచి బేస్ కూడా కంప్యూటరే వాయిస్తుంది" అన్నాడు. శ్యాంబాబు అలాగే కొట్టాడు. చరణం దగ్గర మెర్సీ రెండుసార్లు తప్పింది.

"ఏంటక్కా, ఆరేళ్లుగా పాడుతున్న పాటేగా?" అన్నాడు సురేష్‌బాబు.

"బాబాయిగారి వరస విని ఎత్తుకునేదాన్ని రా. ఇవాళ అది లేదు" అంది మెర్సీ.

సురేష్‌బాబు కంప్యూటర్ వైపు తిరిగాడు. "అయితే ఆ ముక్క రికార్డు చేసిచ్చేయండి బాబాయ్, కంప్యూటర్‌లో పెట్టేస్తాను. ఆ తర్వాత మీకు శ్రమ ఉండదు."

శ్యాంబాబు తీగలు శ్రుతి చేసుకుని, కళ్లు మూసుకుని వాయించాడు. "బాగా వచ్చిందండి" అంటూ సురేష్‌బాబు రికార్డింగు ఆపబోయాడు. శ్యాంబాబు తల అడ్డంగా ఊపాడు.

"మూడో స్వరం దగ్గర తీగ జిర్రుమంది. అది చెరిపెయ్యి, మళ్లీ వాయిస్తాను."