కొత్తూరు పాఠకురాలు

చలపతి సార్ తన షాపులోకి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ ముందు విప్పేసేవారు. అట్ట ఊడదీసి, దారంతో మళ్లీ కుట్టి, మైదా జిగురు పూసి, చివర రెండు తెల్లకాగితాలు కలిపి బైండు చేసేవారు. ఆ కాగితాల పైన ఎర్రసిరాతో ‘మీ అభిప్రాయం’ అని రాసేవారు. అద్దె పుస్తకాలు చదివేవాళ్లు ఎక్కడపడితే అక్కడ ఏదో ఒకటి గీకుతారు. గీకడం ఎలాగూ మానరు కాబట్టి వాళ్లకొక చోటు చూపించాలని ఆయన పద్ధతి.

షాపు శంషాబాద్ పాత బస్టాండు వెనక సందులో ఉండేది. అంతకుముందు ఆయన హైదరాబాద్‌లో ఒక ప్రెస్సులో ఇరవై ఏళ్లు ప్రూఫులు దిద్దారు. ప్రెస్సు మూతపడిన కొన్నేళ్లకు, 2008లో ఎయిర్‌పోర్టు తెరిచిన ఏడాదే, ఇక్కడికి వచ్చారు. ఉద్యోగస్తుల కుటుంబాలు దిగుతాయి, ఆడవాళ్లకు మధ్యాహ్నాలు తోచదు, నవలలు చదువుతారు అని లెక్క వేసుకున్నారు. కుటుంబాలు దిగాయి. వాళ్లతోపాటు టీవీలూ దిగాయి.

నాది తొండుపల్లి. అమ్మకు పక్షవాతం వచ్చి తొమ్మిదో తరగతి మధ్యలో నా బడి ఆగిపోయింది. వదిన వచ్చి ఇంటిపని అందుకున్నాక, 2009లో బాపు నన్ను ఈ షాపులో కూర్చోబెట్టాడు. పని తేలికే. పుస్తకం ఇవ్వడం, రిజిస్టర్‌లో పేరు రాసుకోవడం, తిరిగొచ్చినదాన్ని దాని చోట పెట్టడం. నేను మాట్లాడేది తక్కువ. అందుకే చూడడానికి చాలా తీరిక ఉండేది.

ఆయన భార్య నాగమణి ఆంటీ షాపులోనే ఒక మూల చాప వేసుకుని చీరలకు ఫాల్స్ కుట్టేది. వాళ్లది తెనాలి. ఆంటీకి చూపు మందగించింది. సూదిలో దారం ఎక్కించడానికి నన్ను పిలిచేది.

మూడో అరలో ‘పల్లకి దిగిన వెన్నెల’ అని ఒక నవల ఉండేది. రాసినావిడ పేరు మందాకిని. సార్ రోజూ సాయంత్రం ఆ పుస్తకం తీసి చివరి కాగితం చూసేవారు. చూసి మళ్లీ పెట్టేసేవారు. నేను నెల రోజులు గమనించి ఒకనాడు ఆంటీని అడిగాను.

“మందాకినా?” ఆంటీ నవ్వింది. “అదిగో, బయట నిలబడి టీ తాగుతోంది చూడు, బట్టతల మందాకిని. ఆడపేరు పెడితే గానీ అమ్ముడుపోదని ఎవరో చెప్పారట. పెట్టినా పోలేదు. ఐదొందల కాపీలు మా మంచం కింద చెదలు తిన్నాయి. మిగిలింది ఆ ఒక్కటే.”

ఆ వారంలోనే దాన్ని ఇంటికి తీసుకెళ్లి చదివాను. ఒక సంస్థానం యువరాజు తనను తనకోసమే ప్రేమించే పిల్ల కావాలని, కారు డ్రైవరుగా వేషం మార్చుకుని ఒక ఊరికి వస్తాడు. గుమాస్తా కూతురు సుమతి అతన్ని ప్రేమిస్తుంది. చివర ఐదు కార్లు వచ్చి ఇంటిముందు ఆగుతాయి, అందరూ వంగి దండాలు పెడతారు, సుమతి స్పృహ తప్పుతుంది. అతను యువరాజని మనకు మొదట్లోనే తెలిసిపోతుంది. సుమతికే తెలియదు.

నాకు పెద్దగా నచ్చలేదు. కానీ ఎనభై నాలుగో పేజీలో ఒకటుంది. సుమతి నాన్నకు పని పోతుంది. ఇంట్లో చెప్పడు. రోజూ అదే వేళకు టిఫిన్ డబ్బా పట్టుకుని బయలుదేరి, ఎక్కడో రైల్వే గేటు దగ్గర కూర్చుని తిని, అదే వేళకు తిరిగొస్తాడు. ఒకరోజు సుమతి దూరం నుంచి చూస్తుంది. పిలవకుండా వెనక్కి వచ్చేస్తుంది. సాయంత్రం ఆయన రాగానే డబ్బా తీసుకుని కడుగుతుంది. అంతే. ఆ పేజీ నేను నాలుగుసార్లు చదివాను.

సార్‌తో ఈ మాట అనడానికి నాకు నోరు రాలేదు. దానికి బదులు ఆ పుస్తకాన్ని వచ్చినవాళ్ల చేతుల్లో పెట్టడం మొదలుపెట్టాను.

ముందు అనంతమ్మక్కకు ఇచ్చాను. ఆమె ఎయిర్‌పోర్టులో ఊడ్చే పని చేసేది. డ్యూటీ బస్సులో పోతూ వస్తూ చదివేది. రెండు రోజుల్లో తెచ్చి బల్ల మీద పడేసింది.

“ఏందే పిల్లా గిది? వాడు డ్రైవర్ కాదు, ఏం కాదు. దొంగముచ్చట్లు చెప్పి పిల్లను పరేషాన్ చేసిండు. లాస్ట్‌ల రాజునంటే ఇగ ఆమె కాళ్లు మొక్కాల్నా? చెప్పుతోని కొట్టాలె.”

“రాయక్కా గదే, ఎనక కాయితం మీద.”

“నేను రాస్తే మంచిగుండదు తియ్యి. గా రాసినామె చూస్తే ఏడుస్తది.”

తరువాత ఝాన్సీ మేడంకు ఇచ్చాను. ఆమె భర్త విమానాల కంపెనీలో ఉద్యోగి. ఆమె రాసింది, బాల్‌పెన్నుతో, నీట్‌గా: ‘పదో పేజీలోనే కథంతా తెలిసిపోయింది. రచయిత్రి కలం పక్కన పెట్టి ఏదైనా పనికొచ్చే పని చేసుకుంటే మంచిది.’

అప్పటికి సాయంత్రం నాలుగైంది. బయటికెళ్లిన సార్ ఐదింటికి వస్తారు. బాల్‌పెన్ను రబ్బరుకు పోదు. ఆ మాటల మీద, అద్దె తేదీలు వేసే కొత్త చీటీ అతికించాను. సార్ వచ్చారు, తీశారు, చీటీ చూశారు.

“ఎవరో తీసుకెళ్లినట్టున్నారే?”

“అవును సార్. ఇద్దరు.”

“ఏమీ రాయలేదా?”

“లేదు సార్.”

ఆయన పుస్తకం అరలో పెట్టారు. ఎవరైనా తిట్టి రాసినా బాగుండేదేమో, ఖాళీ కాగితం చూసిన ముఖం అలా ఉంది.

మర్నాడు మధ్యాహ్నం ఆయనా ఆంటీ భోజనానికి వెళ్లినప్పుడు పెన్సిల్ తీసుకున్నాను. రిజిస్టర్‌లో నా రాత ఆయన రోజూ చూస్తారు. అందుకని ఎడమచేత్తో రాశాను: ‘ఎనభై నాలుగో పేజీలో నాన్నగారు డబ్బా పట్టుకుని కూర్చున్నచోట ఏడుపు వచ్చింది.’ కింద, దగ్గర్లోని ఊరి పేరు కలిపి, ‘ఒక పాఠకురాలు, కొత్తూరు’ అని పెట్టాను. అక్షరాలు ముసలివాళ్ల రాతలా వణికాయి. రిజిస్టర్‌లో ‘కొత్తూరు పెద్దమ్మ’ అని ఒక పేరు చేర్చాను.

సాయంత్రం సార్ ఆ కాగితం చదివి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. మళ్లీ చదివారు.

“నాగమణీ, విన్నావా? కొత్తూరు నుంచి ఒక పెద్దావిడ. చెయ్యి వణుకుతున్నా రాసింది. ఎనభై నాలుగో పేజీ అట!”

“ఏముంది అందులో?”

“ప్రెస్సు మూతపడ్డాక నేను…” అని ఆయన ఆగిపోయారు.

ఆంటీ సూది ఆగింది. “తెలుసులెండి,” అంది. “మూడు నెలలు డబ్బా నేనేగా కట్టాను.”

నేను రిజిస్టర్‌లోకి చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు ఆ వాక్యం కింద సార్ చేతిరాత కనిపించింది. ‘అమ్మా, నమస్కారం. రచయిత్రి తరఫున ధన్యవాదాలు. ఇంకేమైనా నచ్చితే రాయగలరు.’ జవాబు రాయకపోతే ఆవిడ మళ్లీ రాలేదని బాధపడతారు. రాశాను. ఆయన మళ్లీ రాశారు. రెండు కాగితాలూ నిండితే పుస్తకం విప్పి ఇంకో నాలుగు కలిపారు. పెద్దమ్మ ఎప్పుడొస్తుందని అడిగితే, మీరు భోజనానికి పోయినప్పుడే వస్తుంది, రాలేనప్పుడు అక్కడి కంపెనీలో పనిచేసే మనవరాలితో పంపిస్తుంది అని ఒక అబద్ధం మీద ఇంకొకటి వేశాను.

ఒకసారి ఆయన నన్నే అడిగారు. “నువ్వు చదివావా సంతోషీ?”

“లేదు సార్.”

“పోన్లే. నీకెక్కడ తెలుస్తుంది అవన్నీ. ఆవిడ చదువుకున్న మనిషి, రాతలోనే తెలుస్తుంది.”

2011 ఎండాకాలంలో తెనాలి నుంచి ఆంటీ తమ్ముడు శ్రీకాంత్ వచ్చాడు. అక్కడ ఒక ప్రెస్సులో సూపర్‌వైజర్ చోటు ఖాళీ ఉంది, బావ ఊఁ అంటే చాలు, ఉండడానికి ప్రెస్సు వెనకే రెండు గదులు ఇస్తారు అన్నాడు. ఆంటీ కుట్టే చీర మడిచి పక్కన పెట్టింది. వెళ్లిపోదామనే ఆశ ఆమె ముఖంలో అప్పుడు మొదటిసారి చూశాను.

“నేను రెండో భాగం మొదలుపెట్టాను శ్రీకాంత్,” అన్నారు సార్. “ఇప్పుడు ప్రూఫులు దిద్దుతూ కూర్చుంటే అది పూర్తికాదు.”

“ఎవరు చదువుతారండీ?” అంది ఆంటీ.

“ఒకరున్నారు.”

“ఒక్కరి కోసమా?”

“ఇన్నేళ్లకు ఒక్కరు దొరికారు నాగమణీ. వదిలేసి వెళ్లమంటావా?”

శ్రీకాంత్ సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు. అప్పుడే చెప్పాల్సింది. ఉద్యోగం మళ్లీ రావచ్చులే, పుస్తకం బాగా రావచ్చులే అని సర్దిచెప్పుకున్నాను.

ఏడాదిన్నర రాశారు. షాపుకు వచ్చేవాళ్లు తగ్గిపోయారు. అనంతమ్మక్క కూడా ఫోను కొనుక్కుని పాటలు వింటూ బస్సెక్కేది. ఆంటీ కుట్లు వంకరపోతున్నాయని చీరలు తిరిగొచ్చేవి. రాయడం పూర్తయ్యాక ఆయన ఆ కాగితాల కట్టను ఒక వారపత్రికకు పంపారు. రెండు నెలలకు తిరిగొచ్చింది. ఆయన పెద్దగా బాధపడలేదు. దాన్ని చక్కగా బైండు చేసి, చివర రెండు తెల్లకాగితాలు కలిపి, నా బల్ల మీద పెట్టారు.

“పత్రికవాళ్ల సంగతి పోనీ. పెద్దమ్మ వస్తే ఇవ్వు. ఆవిడ ఒక్క మాట రాస్తే చాలు.”

తీసుకెళ్లి చదివాను. మొదటి పేజీ నుంచీ సుమతి నాన్న కోసం వెతికాను. లేడు. ఆయనకు మొదట్లోనే లాటరీ తగిలి కాశీ వెళ్లిపోయాడు. ఈసారి మారువేషాల్లో ముగ్గురు యువరాజులు, ఒకడు లిఫ్టు నడిపేవాడు, ఒకడు వంటవాడు, ఒకడు పోస్ట్‌మన్. అన్ని పేజీల్లోనూ అందరూ నవ్వుతున్నారు. దాన్ని మళ్లీ నా బల్ల మీద పెట్టుకున్నాక, ఎవరో అడిగినట్టు సారే చెప్పారు.

“పాపం పోయినసారి ఆవిడను ఏడిపించాను కదా. ఈసారి ఒక్క కన్నీటి చుక్క లేకుండా రాశాను.”

ఆ తెల్లకాగితం ముందు పెన్సిల్ పట్టుకుని చాలా మధ్యాహ్నాలు కూర్చున్నాను. బాగుందని రాస్తే మూడో భాగం మొదలుపెడతారు. బాగాలేదని రాయడానికి నాకు చెయ్యి రాలేదు. ఏమీ రాయలేదు. పెద్దమ్మ రావట్లేదు సార్ అని చెబుతూ వచ్చాను.

ఒక ఆదివారం ఆయన కొత్తూరు వెళ్లారు. వీధుల్లో, కంపెనీ గేట్ల దగ్గర, మనవరాలితో ఉండే, చదువుకున్న పెద్దావిడ ఎవరైనా ఉన్నారా అని అడిగారట. సోమవారం షాపు తెరిచేటప్పుడు ఆయన చెప్పులు తెగిపోయి ఉన్నాయి. “నలుగురైదుగురు ముసలివాళ్లను చూపించారు. ఎవరికీ చదువు రాదు,” అన్నారు.

ఆయన టీకి వెళ్లగానే ఆంటీ పక్కన కూర్చుని మొత్తం చెప్పేశాను. చీటీ అతికించిన దగ్గర్నుంచి. ఆంటీ నా ముఖం వైపు చూసింది గానీ నేనెంతవరకు కనిపిస్తున్నానో తెలియదు.

“నువ్వా?” అంది. సూదిలోంచి జారిన దారాన్ని చాప మీద తడుముతూ, “తెనాలిలో ఆ చోటు ఎవరికో ఇచ్చేశారు,” అంది.

“తప్పయింది ఆంటీ. సార్‌కు చెప్పేస్తా.”

“వద్దు. ఇప్పుడు చెప్పి ఏం చేస్తావు? ఉద్యోగం తెస్తావా? ఉన్నది ఆ ముసలావిడ ఒక్కతే. ఆవిణ్ణి కూడా తీసేస్తే ఆయన దగ్గర ఏం మిగులుతుంది?” సూది నా చేతికిచ్చింది. “దారం ఎక్కించు.”

2013లో షాపు గది ఓనర్లు దాన్ని మొబైళ్ల దుకాణానికి ఇచ్చారు. పుస్తకాలు తూకానికి పోయాయి. సార్ వాళ్లు ఉప్పల్ వైపు, దూరపు బంధువుల మేడమీది గదికి మారారు. వెళ్లేముందు రెండు పుస్తకాలూ నా చేతికిచ్చారు. “నువ్వు ఇక్కడిదానివి, పెద్దమ్మ నీకు ఎప్పుడైనా ఎదురుపడుతుంది. ఇవ్వు.”

నేనిప్పుడు ఎయిర్‌పోర్టు దగ్గర ఒక క్యాంటీన్‌లో పళ్లాలు కడుగుతున్నాను. మొదట్లో సార్ నెలకోసారి బాపు ఫోనుకు చేసేవారు. ఇప్పుడు వారానికోసారి చేస్తున్నారు. ఆంటీకి ఇక చూపు లేదని, గదిలో గోడ పట్టుకుని నడుస్తోందని ఆయనే చెప్పారు. మూడో భాగం మొదలుపెట్టలేదట. ఆవిడ మాట వచ్చాకే అన్నారు.

మొన్న చేసినప్పుడు గొంతు బాగా తగ్గిపోయి ఉంది.

“వచ్చిందా సంతోషీ?”

“లేదు సార్.”

“పోయుంటుందంటావా?”

అవునంటే ఒక్క మాటతో తీరిపోయేది. ఆవిడ పోయింది సార్, పోయేముందు చదివింది, బాగుందంది అని చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది. ఆయన మూడో భాగం మొదలుపెట్టడం, ఆంటీ గోడ పట్టుకుని నిలబడి ఉండడం కళ్ల ముందు కనిపించాయి.

“తెలియదు సార్,” అన్నాను.

“సరే. వచ్చే ఆదివారం చేస్తాను,” అన్నారు.