జాగా పట్టిన చెప్పు

దయ్యాలు గియ్యాలు అంటే మా ఇంట్లో అందరికంటే ముందు నవ్వేది నేనే. ఇప్పుడు కూడా మా నాన్నను, బాపును, దయ్యం అనడానికి నాకు నోరు రాదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

బొల్లారంలో మాది మూడో అంతస్తు ఫ్లాటు. కరెంటు కారు కొన్నాక, సెల్లార్లో ఛార్జింగ్ పాయింటు పెట్టనివ్వం, మంటలు లేస్తాయి అని అసోసియేషన్ వాళ్లు ఖరాఖండిగా చెప్పారు. ముందే అడగకపోవడం నా బుద్ధితక్కువ. ఇక మెయిన్ రోడ్డు మీది ఛార్జింగ్ స్టేషనే గతి. ఉన్నవి రెండు జాగాలు, ఎప్పుడు చూసినా లైనే.

రైల్వేలో రిటైరైన మా బాపు దానికో ఉపాయం చూశాడు. రేషన్ షాపు ముందు చెప్పులు పెట్టి లైను కాచినట్టు, పొద్దున్నే నడుచుకుంటూ పోయి, ఖాళీ అయిన జాగాలో కుడికాలి చెప్పు పెట్టి, పక్కన గట్టు మీద కూర్చునేవాడు. "జాగా పట్టిన, రా" అని ఫోన్ చేసేవాడు. జనం నవ్వుకున్నా, పెద్దమనిషి కదా అని ఊరుకునేవారు. ఆ చెప్పు బొటనవేలి పట్టీ తెగితే ఎర్రదారంతో తనే కుట్టుకున్నాడు.

ఆ రోజు ఫోన్ వచ్చినప్పుడు నేను ఆఫీసు కాల్‌లో ఉన్నాను. "జెర ఆగు బాపూ, పది నిమిషాలు" అని పెట్టేశాను. మళ్లీ చేశాడు. ఎత్తలేదు.

నలభై నిమిషాల తర్వాత పోతే గట్టు మీద ఒరిగిపోయి ఉన్నాడు, ఒళ్లంతా చెమట. కార్లో వేసుకుని బయలుదేరాను. ఛార్జింగ్ రెండు శాతం చూపిస్తోంది. రైల్వే గేటు దగ్గరే బండి ఆగిపోయింది. ఆటో దొరికి ఆసుపత్రికి చేరేసరికి అంతా అయిపోయింది. నా చేతులారా చేసుకున్నాను.

ఆ హడావిడిలో జాగాలో పెట్టిన చెప్పు అక్కడే ఉండిపోయింది. మర్నాడు వెతికించాను, లేదు. ఎడమకాలిది ఇంట్లో దాచాను.

దినాలయ్యాక, తప్పక, మళ్లీ అక్కడికే పోయాను. లైన్లో నాలుగు బండ్లున్నాయి. ఒక జాగా మాత్రం ఖాళీ. అందులో ఎర్రదారం కుట్టిన కుడి చెప్పు.

లైన్లో మొదట ఉన్న క్యాబ్ డ్రైవర్‌ను నేనెప్పుడూ చూడలేదు. నా నంబర్ ప్లేటు చూసి దగ్గరికి వచ్చాడు.

"మీ నాయిన జాగా పట్టిండన్నా. నంబర్ చెప్పి, నా కొడుకు బండి వస్తది, జెర ఆగుండ్రి అన్నడు. గిప్పుడే లేచి పోయిండు."

చెప్పు చేతిలోకి తీసుకుంటే వెచ్చగా ఉంది. ఎండకేమో అనుకున్నాను. కానీ ఆ జాగా మీద రేకుల నీడ ఉంది.

ఇంటికి తెచ్చి, రెండోదాని పక్కన పెట్టి, బీరువాకు తాళం వేశాను. వారం తర్వాత పోతే జాగాలో మళ్లీ అదే చెప్పు. ఇంటికొచ్చి బీరువా తీస్తే ఎడమదొక్కటే ఉంది. తాళంచెవి నా జేబులోనే ఉంది.

కారు అమ్మెయ్యమని మా ఆవిడ పోరుతోంది. అమ్మితే బాపు అక్కడ ఎవరికోసం కూర్చుంటాడు?

ఒక్కసారి దొరకబుచ్చుకుని, తప్పు నాది బాపూ, ఇక జాగా పట్టొద్దు, ఇంటికి పోదాం రా అని చెప్పాలి. అంతే నా ఆశ. పొద్దున ఎనిమిదింటికి పోయాను, ఏడింటికి పోయాను. ఇదంతా ఎట్లా జరుగుతోందో నాకు తెలియదు, చెప్పగలిగినవాళ్లూ దొరకలేదు. నిన్న తెల్లారీ తెల్లారకముందే పోయాను. చెప్పు ఉంది. గట్టు పక్కన ఊడుస్తున్న ఆమె నన్ను చూసి చీపురు ఆపింది.

"గింత సేపు చూసిండు సారూ. గిప్పుడే లేచిండు."