తాళాల చువో

కంటికి కనబడ్డ ప్రతిదానికీ తాళం వెయ్యందే చువోకి పొద్దుపోదు. అన్నం కారియరుకి తాళం, గొడుగుకి తాళం. బోర్డు మీద తను రాసినదాన్ని ఎవరూ చెరపకుండా అద్దం బిగించి, ఆ అద్దానికీ ఒక తాళం. తైవాన్‌లో షించూ అనే ఊళ్ళోని ఆ చిన్న కంపెనీలో ఆయన తాళంచెవుల గుత్తి ముందు వినబడేది, మనిషి తర్వాత కనబడేవాడు.

పని కూడా అలాంటిదే దొరికింది మహానుభావుడికి. గొంతు పోయినవాళ్ళకి మాట్లాడే పెట్టెలు చేసే కంపెనీ అది. పెట్టెలో గోరంత ఫ్లాష్ చిప్పు, దాని నిండా అరలు. అరలో రాసింది కరెంటు పోయినా పోదు గానీ, ఒక్క తప్పు ఆజ్ఞ వెళ్తే మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. అందుకని పెట్టెను నిద్రలేపే మొదటి అరకి అందరూ తాళం వేస్తారు. చువో అక్కడ ఆగడు. ఆ తాళాన్ని ఏ ఆజ్ఞా తియ్యలేకుండా చిప్పు కాలొకటి సన్నటి తీగతో కట్టేస్తాడు.

"తాళానికి తాళమా అన్నా? ఇక్కడ దొంగలెవరున్నారు?" అని పనిలో చేరిన కొత్తలో పెయ్‌షాన్ అడిగింది.

"దొంగ కోసం కాదమ్మా."

"మరెవరి కోసం?"

"అన్నం తిన్నావా?" అన్నాడాయన.

పరీక్ష యంత్రం మీద ఆ దేశంలోని కంపెనీలన్నిటిలాగే వాళ్ళూ ఆకుపచ్చ చిరుతిండి పొట్లం ఒకటి పెట్టేవారు. అది ఉంటే యంత్రం బుద్ధిగా ఉంటుంది, తేదీ దాటిందా మొండికేస్తుందని అక్కడి నమ్మకం. "ఎవరైనా తినేస్తేనో?" అని చువో దాన్ని కూడా అద్దాలపెట్టెలో పెట్టి తాళం వేశాడు.

గేటు దగ్గర సేమియా పులుసు అమ్మే ఆజూ అత్త కేకేస్తే మూడో అంతస్తులో కిటికీలు అదిరేవి. ఆవిడకి గొంతు ఆపరేషన్ తప్పలేదు. ముందుగానే చువో పక్కన కూర్చుని ఆవిడ మాటలన్నీ పెట్టెలోకి ఎక్కించాడు. నకలు మాత్రం ఉంచుకోనివ్వలేదావిడ. "నా గొంతు నా దగ్గరే ఉండాలయ్యా, ఊరంతా పంచుకోవడానికి అదేమన్నా పులుసా?" అంది.

ఆ పెట్టెలో ప్రోగ్రాము మార్చే పని పెయ్‌షాన్‌కి పడింది. ఒక్క అర తుడవబోయి, పొరపాటున చిప్పంతా తుడిచే ఆజ్ఞ ఇచ్చింది. పెట్టె మూగబోయింది. మనిషి బతికుండగానే ఆవిడ గొంతుని చంపేశాననిపించింది పెయ్‌షాన్‌కి.

మేనేజరు లియావ్ పరుగున వచ్చి ముందు పొట్లం వంక చూశాడు.

"తేదీ నిన్నటితో అయిపోయింది. ఎవరూ మార్చలేదేం?"

"తాళంచెవి చువో అన్న దగ్గరుంది సార్."

"ఆయనెక్కడ?"

"పంటి డాక్టరు దగ్గర."

"బాగుంది. కింద ఆజూ అత్త కూర్చునుంది. ఏమని చెప్పను?"

బుగ్గ బూరెలా పొంగించుకుని చువో రానే వచ్చాడు. మత్తుకి నోరు తిరగడం లేదు. కూర్చుని, ప్రోగ్రాము మళ్ళీ ఎక్కించి, మిగతా అరలు ఒక్కొక్కటీ తెరిచి చూపించాడు. గొంతు ఉన్న అరలన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

"తాళం లేని అరలే తుడుచుకుపోయాయి," అని ముద్దముద్దగా అన్నాడు. "ఇవి గొంతు ఎక్కించిన రోజే మూసేశాను."

ఇంత గట్టి గొంతుని అంత చిన్న అరల్లో పెట్టి, వెంట్రుకంత తీగతో కాపాడాడు ఈ మనిషి. ఇన్నాళ్ళూ అందరం ఈయన్ని చూసి నవ్వామే అనుకుంది పెయ్‌షాన్.

"మరెవరి కోసమని అడిగావుగా," అన్నాడు చువో బుగ్గ పట్టుకుని. "పనిచేసే చెయ్యి ఎప్పుడో ఒకప్పుడు తప్పు చేస్తుంది. ఆ చేతికి సాయంత్రం అన్నం సయించొద్దూ?"

అద్దాలపెట్టె తెరిచి కొత్త పొట్లం పెట్టాడు. పాతది ఆమె చేతిలో పెట్టి, "ఒక్క రోజుకేం కాదు, తిను," అన్నాడు.

కిందికి వెళ్ళి పెట్టె అందించారు. ఆజూ అత్త ముగ్గురినీ తేరిపార చూసి, వెతికి వెతికి ఒక మీట నొక్కింది. మూడో అంతస్తు కిటికీలు అదిరాయి.

"ఏమయ్యా తాళాలోడా, కారియరు తాళంచెవి మళ్ళీ నా పులుసు గిన్నెలో పడేసుకున్నావు. వచ్చి తీసుకో."

తనని తిట్టిన తిట్టుకి కూడా తాళం వేసి దాచిన చువో, గుత్తి తీసి ఒక్కొక్క తాళంచెవీ తడుముకున్నాడు. కారియరుది నిజంగానే లేదు.