మీ వాళ్ళెవరు, డాక్టర్?

2006 చలికాలంలో డెట్రాయిట్‌లోని మా ఆసుపత్రి నన్ను ఔట్‌పేషెంట్ విభాగానికి చీఫ్‌ని చేసింది. నల్లజాతివారి పేటలో, ఒక చర్చి బేస్‌మెంట్‌లో, ప్రతి శనివారం నడిచే బీపీ క్లినిక్ కూడా దాంతోపాటే నా నెత్తిన పడింది.

అక్కడికి డాక్టర్ రెనేని వేశాను. పేరుమోసిన విశ్వవిద్యాలయంలో చదివిన నల్లజాతి అమ్మాయి. అటెండింగ్‌గా, అంటే పైవాళ్ళ పర్యవేక్షణ లేకుండా రోగుల్ని చూసే డాక్టరుగా, అప్పుడే చేరింది. తన వాళ్ళ మధ్య ఇట్టే కలిసిపోతుందనుకున్నాను. తలుచుకుంటే సిగ్గేస్తుంది. నన్నూ అలాగే, ఇండియన్‌నన్న ఒక్క కారణంతో పంజాబీ రోగులొచ్చినప్పుడల్లా తర్జుమాకి పరిగెత్తించేవాళ్ళు. నాకు ఆ భాష ఒక్క ముక్క రాదు!

మొదటి శనివారమే మిస్ ఎర్లీన్ అనే డెబ్బై ఏళ్ళావిడ, చేతికి బీపీ పట్టీ చుడుతుండగా, "మీ వాళ్ళెవరు, డాక్టర్?" అని అడిగింది. మా కాకినాడలోనూ కొత్త మొహం కనిపిస్తే ముందు అడిగేది అదే. రెనే తాతగారు ఒకప్పుడు ఆ పేటలోనే ఉండేవారు. తండ్రి లాయరై, ఆమె పుట్టకముందే ఊరి శివారుకి మారిపోయాడు. రెనే ఆశగా తాతగారి పేరు చెప్పింది. మిస్ ఎర్లీన్ కాసేపు ఆలోచించి, తెలియదంది.

ఇంట్లో ఉన్న మందులన్నీ రోగులు సంచిలో వేసుకు రావాలి, ఏవి తగ్గాయో ఏవి తగ్గలేదో డాక్టరు చూడాలి. అదీ మా పద్ధతి. మిస్ ఎర్లీన్ మిగిలిన మాత్రలు ఇంట్లో దాచేసి, "అన్నీ వేసుకుంటున్నాను, మేడమ్" అనేది. బయటికెళ్ళి నర్సు లొరేన్‌తో మాత్రం నిజం చెప్పేది: ఒంట్లో నీరు తీసే మాత్ర వేసుకుంటే ప్రార్థన మధ్యలో మాటిమాటికీ బాత్రూమ్‌కి లేవాల్సొస్తోందని, అందుకే మానేశానని. లొరేన్ ఆ పేటలోనే పుట్టి పెరిగింది. ఆమెని అందరూ ఇంటి పిల్లలా 'బేబీ' అనేవాళ్ళు, కోటు గుండీలు పెట్టుకోలేదని తిట్టేవాళ్ళు. రెనేకి మాత్రం చుట్టానికి వేసినట్టు మంచి కుర్చీ వేసేవాళ్ళు.

ఆవిడ మాట నమ్మి రెనే మోతాదు పెంచింది. మోతాదు పెరిగేసరికి భయపడి ఆ వారం ఆవిడ బుద్ధిగా అన్నీ వేసుకుంది. బీపీ పడిపోయి, వంటింట్లో కళ్ళు తిరిగి కూలబడింది. అదృష్టం బాగుండి ఎముకలు విరగలేదు.

ఆవిడ రెనేకీ చెప్పే ఉంటుందని లొరేన్ అనుకుందట; అప్పుడు ఆమె చెబితే అసలు సంగతి బయటపడింది. రెనే నా గదికొచ్చి ఏడ్చింది. వేరేచోట వేస్తానన్నాను. వద్దంది. లొరేన్‌ని చూస్తే అసూయగా ఉందని, తననీ అలా ఎవరైనా తిడితే బాగుండునని అంది. ఆ వారం నుంచే మందుల సంచి లొరేన్ ముందు విప్పాలని పద్ధతి మార్చాను. మిస్ ఎర్లీన్ బీపీ దారికొచ్చింది.

నాలుగేళ్ళలో రెనే ఒక్క శనివారం మానలేదు. నేను రిటైరయ్యే ముందు చివరిసారి క్లినిక్‌కి వెళ్తే, మిస్ ఎర్లీన్ నా చెయ్యి పట్టుకుని, "మంచి డాక్టర్‌ని పంపించారు" అంది. రెనే పక్కనే ఉంది. కారు దాకా నాతో నడిచొచ్చి, "వాళ్ళకి నేనింకా ఎవరో పంపించిన మనిషినే" అంది.

రంగు చూసి డ్యూటీ వేయకూడదనీ, రోగి ఎవరికి నిజం చెబుతాడో వాళ్ళని గదిలో కూర్చోబెట్టాలనీ అక్కడ నేర్చుకున్నాను. డాక్టర్‌ని ఒక పేటకి పంపడం వరకే చీఫ్ పని. ఆ పేట మనిషిని చేయడం మా చేతుల్లో లేదు.